కుర్చీ వేశారు సరే... కూర్చునేదెవరు?

సూళ్లూరుపేట నుంచి చెన్నై వెళ్లే పొద్దుటి లోకల్‌లో ఎవరెవరుంటారో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. కంపెనీ డ్యూటీలకు పోయేవాళ్లు, కాలేజీ పిల్లలు, మూటలు సర్దుకునే చిన్న వ్యాపారులు. వీళ్ల మధ్యలో అప్పుడప్పుడు కిటికీ పక్కన ఓ కుర్రాడు, వాడికి అటొకరు ఇటొకరుగా అమ్మా నాన్న కనిపిస్తారు. ఎవరైనా పలకరిస్తే 'చుట్టాలింటికి' అంటారు. ఆ చుట్టాలిల్లు సెంట్రల్ స్టేషన్ ఎదుటి జనరల్ ఆసుపత్రి కావచ్చు, కీల్పాక్‌లోని మానసిక ఆరోగ్య సంస్థ కావచ్చు, అన్నానగర్‌లోని స్కార్ఫ్ కావచ్చు. చిత్తూరు వైపు వాళ్లకైతే వేలూరు సీఎంసీ. గుట్టుగా పోతారు, గుట్టుగా వస్తారు. వచ్చేటప్పుడు సంచీలో నెలకో మూడు నెలలకో సరిపడా మాత్రలు ఉంటాయి.

ఆ సంచీలో మనవాళ్లు తెచ్చుకోలేకపోతున్నది ఒకటుంది. అది మందుల షాపులో దొరికేది కాదు. అదే జబ్బుతో వేగి బయటపడ్డ ఇంకో కుర్రాడి మాట, అదే బాధ పడ్డ ఇంకో తల్లి అనుభవం. దాంతోపాటు ఆఫీసరు ముందు నిలబడి 'ఇది మాకు రావాల్సింది' అని అడిగే నేర్పు. మొదటిదాన్ని పీర్ సపోర్ట్ అంటున్నారు, రెండోదాన్ని అడ్వొకసీ. పేర్లు కొత్తగా ఉన్నాయిగానీ చెన్నైకి ఈ పని పాతదే. సరిహద్దుకు ఇవతల మన ఊళ్లలోనే అది ఒక పద్ధతిగా వేళ్లూనుకోలేదు. ఇకనైనా రావాలి, అదీ తెలుగులో రావాలి అన్నది నా వాదన.

అక్కడ ఎట్లా మొదలైంది?

చెన్నైలో కీల్పాక్ పేరు ఒక తిట్టు, మనకు ఎర్రగడ్డ ఎట్లాగో అట్లా. 1794లో మొదలైన ఆ ఆసుపత్రికి 1961లో డాక్టర్ ఎం.శారదా మీనన్ సూపరింటెండెంటుగా వచ్చారు. ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ ఆమే. 1978లో రిటైరయ్యాక ఇంటిపట్టున ఉండలేదు. 1984లో స్కిజోఫ్రెనియా రీసెర్చ్ ఫౌండేషన్‌ను, అదే స్కార్ఫ్‌ను స్థాపించారు. 'ఆశా' అనే కుటుంబాల సంఘానికీ ఆమే అండ. 1992లో పద్మభూషణ్ ఇచ్చారు. 2021 డిసెంబరులో 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు. డాక్టరు చెప్పాల్సింది డాక్టరు చెబుతాడు, ఇంట్లో రాత్రి రెండు గంటలకు ఏం జరుగుతుందో ఆ ఇంటివాళ్లకే తెలుసు. కాబట్టి అలాంటి ఇళ్లవాళ్లంతా ఒకచోట కూర్చోవాలి. కుటుంబాల సంఘాలకు మూలం ఇంతే.

వేలూరు ఇంకా ముందు. బాగాయంలో సీఎంసీవాళ్లు 1957లో మానసిక ఆరోగ్య కేంద్రం తెరిచినప్పుడే రోగితో పాటు ఇంటి మనిషి ఒకరు ఉండాలన్నారు. అప్పట్లో దేశంలో చాలాచోట్ల పిచ్చాసుపత్రి అంటే వదిలేసి వచ్చే చోటు. బాగాయంలో తల్లో అన్నో పక్కనే ఉండి జబ్బు ఏందో, మాత్ర ఎందుకో, తిరగబెట్టే ముందు కనిపించే గుర్తులేంటో నేర్చుకుని ఇంటికి పోయేవాళ్లు. అమెరికాలో 'నామీ' అనే కుటుంబాల సంఘం పుట్టింది 1979లో. ఇప్పుడు ప్రపంచమంతా దాని పేరు చెప్పుకుంటుంది. దానికి ఇరవై ఏళ్ల ముందే మన చిత్తూరు పక్కూళ్లో ఆ విత్తనం పడింది. మనమే గమనించలేదు.

1993లో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరు యువతులు 'ది బనియన్' పెట్టారు. రోడ్ల మీద తిరిగే మతిస్థిమితం లేని ఆడవాళ్ల కోసం మొదలైన సంస్థ అది. అక్కడ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో కొందరు ఇప్పుడు నలుగురైదుగురు కలిసి మామూలు వీధుల్లో, మామూలు అద్దె ఇళ్లలో ఉంటున్నారు. వాళ్లకు వంట ఉంది, ఇరుగుపొరుగు ఉంది. 'పిచ్చిది' అన్న పేరు తప్ప ఇంకే పేరూ లేనివాళ్లకు ఇంటి చిరునామా వచ్చింది.

వీటన్నిటికీ వెనుక 2001 ఆగస్టు 6 నాటి మంటలు కూడా ఉన్నాయి. రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా దగ్గర ప్రైవేటు ఆశ్రమంలో నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నారు కాబట్టి పారిపోలేకపోయారు. కట్టేసిందెవరు అంటే ఆశ్రమం వాళ్లు. అక్కడికి తెచ్చి వదిలిందెవరు అంటే అయినవాళ్లు. వాళ్లంతా రాక్షసులు కాదు, ఇంకేం చెయ్యాలో తెలియని అమ్మానాన్నలు. మన నెల్లూరు జిల్లా ఏఎస్‌పేటకు పోయేవాళ్లనూ నేను తప్పుబట్టను. మొక్కుకోవచ్చు, నిద్ర చెయ్యొచ్చు. ఆ పక్కనే మాత్ర గురించి చెప్పే తెలుగు మనిషి ఒకరుంటే బాగుండునన్నదే నా గోడు.

పెరుగన్నంలో మాత్ర

మన కుటుంబాల గొప్పదనం ఊరికే చెప్పుకునేది కాదు, లెక్కల్లోనూ తేలింది. స్కార్ఫ్, కెనడాలోని మాంట్రియల్ మెక్‌గిల్ విశ్వవిద్యాలయం కలిసి తొలిసారి సైకోసిస్ వచ్చిన యువతను రెండేళ్లపాటు గమనించాయి. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి. లేనివి వినపడటం, అనుమానాలు వంటివి తగ్గడంలో రెండు నగరాలకూ పెద్ద తేడా లేదు. ముభావంగా మారిపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం లాంటి లక్షణాల్లో మాత్రం చెన్నై పిల్లలే మెరుగు. ఇళ్లవాళ్లు వెంట ఉండి నడిపించడం కూడా చెన్నైలోనే ఎక్కువ. డబ్బున్న దేశంలో దొరకనిది మన దగ్గర అమ్మ రూపంలో ఉందన్నమాట.

అక్కడితో చప్పట్లు కొట్టి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఆ అమ్మే పెరుగన్నంలో మాత్ర పొడి కలిపి పెడుతుంది. వాడు మింగనంటే ఏం చేస్తుంది పాపం? కానీ ఓ రోజు వాడికి తెలుస్తుంది. ఆ రోజు నుంచి ఇంట్లో అన్నం తినడు. జబ్బు తెచ్చిన అనుమానం నిజమని ఇంట్లోవాళ్లే రుజువు చేసినట్టవుతుంది. అట్లాగే 'పెళ్లి చేస్తే కుదురుకుంటాడు'. ఈ మాట ఎన్ని ఆడపిల్లల బతుకులు తిందో! జబ్బు దాచి చేసిన పెళ్లిళ్లు పెటాకులై పుట్టింటికి చేరిన మహిళలూ తక్కువేం లేరు. స్కిజోఫ్రెనియా ఉండి సంసారం చెదిరిన ఆడవాళ్లపై స్కార్ఫ్ పరిశోధకుల వ్యాసం 2003లో వచ్చింది. జబ్బు ముద్ర కన్నా భర్త వదిలేసిందన్న ముద్రే వాళ్లనూ, పుట్టింటివాళ్లనూ ఎక్కువ కుంగదీసిందని అందులో తేలింది.

అందుకే శిక్షణ అనగానే తల్లిదండ్రులను పిలిచి లెక్చరు ఇస్తే సరిపోదు. పిలకాయలకు వేరే గది కావాలి. అమ్మానాన్న లేనిచోట, తమలాంటి వాళ్ల మధ్య, 'నాకు ఈ మాత్ర వేసుకుంటే ఒళ్లు పెరుగుతోంది, నిద్ర ముంచుకొస్తోంది, అందుకే ఉమ్మేస్తున్నా' అని చెప్పుకునే గది. ఆ మాట డాక్టరుతో చెబితే తిడతాడని భయం, అమ్మతో చెబితే ఏడుస్తుందని భయం. నాలుగేళ్ల ముందు అదే మాత్ర ఉమ్మిన ఇంకో కుర్రాడు, 'నేనూ అంతే రా, తర్వాత డాక్టరును అడిగి మార్పించుకున్నా' అంటే కథ వేరే. అడిగి మార్పించుకోవచ్చు అన్న సంగతే వాడికి అప్పటిదాకా తెలియదు. నా దృష్టిలో పీర్ సపోర్ట్ అంటే ఇదే.

తెల్లకాగితం చాలు

ఇక అడ్వొకసీ. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేశారు. 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఉన్నవి చదివితే మనవాళ్లు నమ్మరు. మనిషిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదు. మేజరు అయిన ఎవరైనా తమ తరఫున మాట్లాడే నామినేటెడ్ ప్రతినిధిని పెట్టుకోవచ్చు. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. జబ్బు తిరగబెడితే ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో బాగున్న రోజుల్లోనే ముందస్తుగా రాసిపెట్టుకోవచ్చు. ఉచిత న్యాయ సహాయం హక్కు. ప్రభుత్వం నోటిఫై చేసిన అత్యవసర మందులు కమ్యూనిటీ హెల్త్ సెంటర్ నుంచి పై స్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ఎల్లవేళలా ఉచితంగా దొరకాలి. మూడు నెలలకోసారి రైలెక్కి చెన్నై పోయే మనిషి, సొంతూరి పక్క ఆసుపత్రిలో 'ఆ మాత్ర ఇక్కడ ఎందుకు లేదు?' అని అడిగే హక్కు అది.

అసలు విశేషం ఇంకోటి. జిల్లాలకు మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డులు ఉండాలని చట్టం చెప్పింది. జిల్లా జడ్జి స్థాయి వ్యక్తి అధ్యక్షుడు. కలెక్టరు ప్రతినిధి, డాక్టర్లు ఉంటారు. వాళ్లతోపాటు ఇద్దరు సభ్యులు జబ్బు అనుభవం ఉన్నవాళ్లో, వాళ్లను చూసుకునేవాళ్లో, వాళ్ల సంఘాల ప్రతినిధులో అయ్యుండాలి. రాష్ట్ర స్థాయి అథారిటీలోనూ జబ్బు అనుభవించినవాళ్లకూ, సంరక్షకులకూ స్థానాలున్నాయి. అంటే మన పక్కింటి అబ్బోడు, వాడి తల్లి జడ్జిగారి పక్క కుర్చీలో కూర్చుని, ఫలానా మనిషిని ఆసుపత్రిలో ఉంచడం న్యాయమా కాదా అని చెప్పొచ్చు!

మరి కూర్చోమంటే కూర్చుంటారా? ఆ కాగితాలు చదవాలి, పక్కనున్న పెద్ద డాక్టరుతో ఏకీభవించకపోతే అది మర్యాదగా చెప్పగలగాలి, తమ ఇంటి గోడు కాకుండా ఎదుటి మనిషి గోడు వినాలి. పుట్టుకతో ఎవరికీ రావు ఇవి. పంచాయతీ సర్పంచులుగా గెలిచిన ఆడవాళ్ల సంగతి గుర్తు చేసుకోండి. కుర్చీ ఆమెది, మాట భర్తది అన్నట్టే చాలాచోట్ల నడిచింది. శిక్షణ లేకుండా ఈ కుర్చీల గతీ అంతే. ఏ స్వచ్ఛంద సంస్థ పెద్దమనిషో వచ్చి కూర్చుంటాడు.

ఐదు నిమిషాల పరీక్ష

జడ్జిలు, బోర్డులు దూరం అనుకుంటే దగ్గరి సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలైంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం లెక్కపెట్టిన 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. 40 శాతం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. 2025లో రాష్ట్రంలో సర్టిఫికెట్ల పునఃపరిశీలన జరిగి నోటీసులు వెళ్లినప్పుడు ఎన్ని ఇళ్లలో గుబులు పుట్టిందో రిపోర్టర్లందరికీ తెలుసు.

కాలు లేకపోతే కంటికి కనిపిస్తుంది. మనసు జబ్బు ఎట్లా కనిపిస్తుంది? దాన్ని కొలవడానికి 'ఐడియాస్' అనే పద్ధతి ఉంది. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగమో ఇంటిపనో చదువో చేయగలగడం. ఈ నాలుగింటికీ సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు వేస్తారు. జబ్బు ఎంతకాలంగా ఉందన్నదీ కలుపుతారు.

మనవాళ్లేం చేస్తారు? పెద్దాసుపత్రికి పోతున్నామని కుర్రాడికి తలస్నానం చేయించి, గడ్డం గీయించి, ఇస్త్రీ చొక్కా తొడిగి తీసుకుపోతారు. 'బాగున్నావా?' అంటే 'బాగున్నా సార్' అంటాడు. డాక్టరు తల్లిని అడిగితే, వాడి ముందు చెప్పడానికి మనసొప్పక 'ఫర్వాలేదు సార్, కొంచెం మందంగా ఉంటాడు' అంటుంది. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. వాడికి స్నానం చేయించింది తానేనని, వారం రోజులు బతిమాలితే చేశాడని, ఆర్నెల్లుగా వీధి గుమ్మం దాటలేదని ఆమె చెప్పలేదు. అబద్ధం చెప్పమనడం లేదు నేను. నిజాన్ని పూర్తిగా చెప్పడమూ ఒక విద్యే. చెప్పడం వల్ల కొడుకు పరువు పోదని ఆమెకు ముందు నమ్మకం కుదరాలి. ఒకరు డాక్టరుగా, ఒకరు తల్లిగా కూర్చుని నాలుగుసార్లు నటించి చూసుకుంటే వచ్చేస్తుంది. ఆ నటన నేర్పాల్సింది సర్టిఫికెట్ కోసం నాలుగుసార్లు తిరిగిన ఇంకో తల్లి. ఆమెను మించిన టీచరు ఎవరు?

అడిగితే వస్తుందనడానికి చెన్నైలోనే రుజువుంది. ఆత్మహత్యల నివారణకు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో అక్కడ 'స్నేహ' స్థాపించారు. ఫోన్ ఎత్తేది శిక్షణ పొందిన మామూలు వలంటీర్లే. పరీక్ష తప్పిన పిల్లలు ఏడాది ఆగకుండా వెంటనే మళ్లీ రాసే వీలుండాలని ఆ సంస్థ ప్రభుత్వాన్ని అడిగింది. తమిళనాడు ఆ ఏర్పాటు చేసింది. పిల్లల బాధ విని ఊరుకోకుండా, బాధ పుట్టేచోటికి పోయి రూలు మార్పించింది. వినడం ఒక ఎత్తు, మార్పించడం ఇంకో ఎత్తు. రెండూ కలిసి నడవాలి.

తెలుగులో అంటే ఏ తెలుగు?

మన దగ్గరి పరిస్థితి చూస్తే లెక్కలు కూడా సరిగా లేవు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. తమిళనాడు, కేరళ అందులో ఉన్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. సర్వే జరిగినచోట్ల 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో సుమారు 7 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. మనం ఇంతకన్నా బాగున్నామని అనుకోవడానికి కారణమేమీ లేదు. తిరుపతి, నెల్లూరు హాస్టళ్లలో ఇంటరు పిల్లలు ఎట్లా చదువుతున్నారో మనకు తెలీదా?

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలో అర్హత కలిగిన కౌన్సిలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. తల్లిదండ్రులకూ అవగాహన కల్పించాలి. మన రాష్ట్రంలో పుట్టిన కేసు అది. మీ పిల్లల కాలేజీలో కౌన్సిలరు ఎవరని ఈసారి పేరెంట్స్ మీటింగుకు పోయినప్పుడు అడగండి. ర్యాంకుల గురించి అడిగే గొంతుతోనే అడగండి.

ఇక భాష. చెన్నైలో ఈ తరగతులు నడిచేది తమిళంలో, ఇంగ్లీషులో. అక్కడి తప్పేం లేదు, అది వాళ్ల ఊరు. మనకు అనువాదం చేసిన కరపత్రం ఇస్తే పని జరగదు. 'భ్రాంతులు, విభ్రమలు' అని అచ్చేస్తే నాయుడుపేటలో ఎవరికి అర్థమవుతుంది? 'ఎవరూ లేకపోయినా మాటలు వినపడతన్నాయా నాయనా?' అని అడగాలి. 'గాలి సోకింది' అనే అవ్వను వెక్కిరించకుండా, ఆ మాటలోంచే మొదలుపెట్టి డాక్టరు దాకా తీసుకుపోగల మనిషి కావాలి. అలాంటివాళ్లు చెన్నైలోని తెలుగు కుటుంబాల్లో ఉన్నారు, రైలెక్కి వెళ్లొచ్చే మన కుటుంబాల్లోనూ ఉన్నారు. వాళ్లను వెతికి, ఒకచోట కూర్చోబెట్టడమే మొదటి పని. ఫోనులోనైతే టెలిమానస్ నంబరు 14416 తెలుగులోనూ పలుకుతుంది. 2022 అక్టోబరు నుంచి ఉంది. అది అర్ధరాత్రి ఆదుకుంటుందిగానీ ఆదివారం వచ్చి పక్కన కూర్చోదు.

మామూలు మనుషులకు ఇదంతా అప్పజెప్పొచ్చా అని డాక్టర్లలో కొందరికి అనుమానం. ఆ అనుమానం న్యాయమైందే. తమిళనాడు పల్లెల్లో, గోవాలో, మహారాష్ట్ర సతారాలో కలిపి 282 మంది స్కిజోఫ్రెనియా రోగులతో పరిశోధన చేశారు. ఫలితాలు 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు ఇళ్లకు పోయి తోడ్పడిన చోట, ఆసుపత్రి వైద్యం మాత్రమే అందినవాళ్లకన్నా పరిస్థితి కొంత మెరుగైంది. అద్భుతాలేం కాదు, కొంత. అదీ డాక్టరుకు బదులుగా కాదు, డాక్టరుతో కలిసి. గుజరాత్‌లో 2014లో మొదలైన 'క్వాలిటీరైట్స్' కార్యక్రమంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లోనే జబ్బు అనుభవం ఉన్నవాళ్లను పీర్ వలంటీర్లుగా పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే పేరుతో 2019లో శిక్షణ పుస్తకాలను ఉచితంగా విడుదల చేసింది. అంటే సిలబస్ కోసం వెతుక్కునే పని కూడా లేదు.

ఒక్క భయం మాత్రం నాకుంది. మన ప్రభుత్వాలకు ఇలాంటిది దొరికితే 'సేవ' పేరుతో ఊరికే చేయించుకుంటాయి. ఆశా కార్యకర్తలు గౌరవ వేతనం కోసం ఎన్ని ధర్నాలు చేశారో చూశాం. జబ్బుతో ఉద్యోగం పోయిన కుర్రాడిని పిలిచి, నలుగురికి ధైర్యం చెప్పించి, చేతిలో శాలువా పెట్టి పంపడం మోసం. గంటకింతని లెక్కగట్టి ఇవ్వాలి. వాడికి మళ్లీ జబ్బు తిరగబెడితే సెలవు ఇచ్చి, బాగయ్యాక తిరిగి తీసుకోవాలి. ఫొటోలు తీసి పేపర్లకు పంపడం కూడా వద్దు, మా పేపరుకైనా సరే.

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు. మూడుచోట్లా ప్రభుత్వ పెద్దాసుపత్రులున్నాయి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమూ ఉంది. ఒక్కోచోట ఇరవై మందితో మొదలుపెట్టొచ్చు. పది మంది పిలకాయలు, పది మంది ఇళ్లవాళ్లు, రెండు వేర్వేరు గదులు, నెలకోసారి ఇద్దరూ కలిసే ఓ పూట. ఆదివారం పెట్టాలి, లేకపోతే కూలి పోతుంది. సాయంత్రం నాలుగుకల్లా వదలాలి, లేకపోతే సత్యవేడు వైపు వాళ్లకు బస్సు దొరకదు. బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం అక్కడే ఇవ్వాలి. తల్లి వచ్చినప్పుడు ఇంట్లో పిల్లాడిని ఎవరు చూస్తారన్నది కూడా ముందే అడిగి పెట్టుకోవాలి.